ఆ ఎముకలు అన్నయ్యవా, పిన్ని కొడుకువా?

ఉత్తరం రాసిన సోదరిది తీరప్రాంతపు మత్స్యకార కుటుంబం. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేసి సారాంశం ఇస్తున్నాము. ఆమెకు ముప్ఫై ఏళ్ళు. పట్నంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నారు. వాళ్ళ అమ్మ, పిన్ని తోడబుట్టినవాళ్ళు, ఇద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకున్నారు. పక్కపక్క ఇళ్ళు, మధ్యలో గోడ లేని పెరడు. తండ్రి చాలా ఏళ్ళ క్రితమే పోయారు, బాబాయి ఉన్నారు. నిరుడు వాయుగుండం ముదిరేలోపు ఒడ్డుకు వచ్చేయవచ్చన్న ధీమాతో వేటకు వెళ్ళిన ఫైబర్ బోటు తిరగబడింది. బోటులో ఉన్న ముగ్గురిలో ఒకరిని వేరే బోటువాళ్ళు కాపాడారు. ఆమె అన్నయ్య (34 ఏళ్ళు), పిన్ని కొడుకు (19 ఏళ్ళు) దొరకలేదు.

నాలుగు నెలల తర్వాత ఏటి మొగ దగ్గర, మడ చెట్ల వేళ్ళ మధ్య తుంటి ఎముకలు, రెండు తొడ ఎముకలు, కొన్ని వెన్నుపూసలు దొరికాయి. పురుషుడు, వయసు 18–35 మధ్య అని పోస్టుమార్టం నివేదికలో రాశారు. ఫిర్యాదు చేసింది ఆమె తల్లి కాబట్టి పోలీసులు తల్లి రక్తమే ల్యాబ్‌కు పంపారు. మామూలు డీఎన్ఏ పరీక్ష పాక్షికంగానే ఫలించడంతో ల్యాబ్ మైటోకాండ్రియల్ డీఎన్ఏ టైపింగ్ చేసి, ఈ ఎముకలు ఆమె తల్లి వైపు వంశానికి చెందినవారివి అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని తేల్చింది. "మీవాడే" అని స్టేషన్‌లో చెప్పారు. తల్లి నెలల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నారు. ఏడేళ్ళ మనవడితో తలకొరివి పెట్టించాలని ముహూర్తం అడుగుతున్నారు. నష్టపరిహారం కోసం వదిన కాగితాలు సిద్ధం చేసుకుంటోంది. పిన్ని మాత్రం ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది.

"పిన్ని రక్తం తీసినా ఇదే రిపోర్టు వస్తుందని నాకు తెలుసు. మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. నోరు విప్పితే అమ్మకు దొరికిన ఆ కాస్త నెమ్మదీ పోతుంది, వదినకు డబ్బు ఆగిపోతుంది. మూసుకుంటే పిన్ని కొడుకును మా అన్నయ్య పేరుతో కాల్చేస్తామేమో" అని ఆమె రాశారు. చివర్లో మరొక సంగతి ఉంది. రిపోర్టులో "హాప్లోగ్రూపు ఎం" (తల్లి వైపు వంశవృక్షంలో ఒక పెద్ద శాఖ పేరు) అని ఉండటం చూసి, చదువుకున్న బంధువొకరు ఇంటర్నెట్‌లో వెతికి, మీ అమ్మమ్మవాళ్ళు అండమాన్ నుంచి వచ్చినవాళ్ళట, మన కులం కాదట అని ఊళ్ళో చెబుతున్నాడట.

సమాధానం:

మీ అనుమానం నిజమే. పిన్ని రక్తం పరీక్షించినా, మీ రక్తం పరీక్షించినా, మీ అమ్మమ్మకు ఆడపిల్లల ద్వారా పుట్టినవారిలో ఎవరిని పరీక్షించినా ఆ ల్యాబ్ దాదాపుగా ఇదే వాక్యం రాస్తుంది. అందుకు కారణాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు ఇంట్లో దీన్ని చెప్పాల్సివస్తే ఆ మాటలు మీకు మీరుగా వెతుక్కోవాల్సిన అవసరం ఉండకూడదు.

కణం నడుమ ఉండే కేంద్రకంలోని డీఎన్ఏ తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది, ప్రతి బిడ్డలోనూ కొత్తగా కలుస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో విడిగా ఉండే చిన్న వలయాకారపు డీఎన్ఏ అలా కలవదు. 16,569 అక్షరాల ఆ వలయం తల్లి నుంచి బిడ్డలందరికీ ఉన్నదున్నట్టు వెళుతుంది, కొడుకుల దగ్గర ఆగిపోతుంది, కూతుళ్ళ ద్వారా ముందుకు సాగుతుంది. అంటే అది అమ్మ వైపు నుంచి వచ్చే ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు వింటే ఏ ఇల్లో తెలుస్తుంది గాని, ఆ ఇంట్లో ఎవరో తెలియదు. మరి ల్యాబ్ దీన్నే ఎందుకు పట్టుకుందంటే, కేంద్రకపు డీఎన్ఏ ఒక్కో కణంలో రెండు ప్రతులే ఉండగా మైటోకాండ్రియాది వందల నుంచి వేల ప్రతులు ఉంటుంది. నెలల తరబడి ఉప్పునీటిలో, బురదలో నానిన ఎముకలో మొదటిది ముక్కలైపోయినా రెండోది చదవడానికి మిగులుతుంది. వేరు లేని వెంట్రుకకు, పాత ఎముకకు ఫోరెన్సిక్ ల్యాబ్‌లు దీన్ని వాడేది అందుకే.

మీ ఉత్తరంతో జతచేసిన రిపోర్టు పేజీలో కొన్ని అంకెలు ఉన్నాయి: 73, 263, 489, 16223, ఆ తర్వాత మరో నాలుగు. ఇవి 1981లో కేంబ్రిడ్జిలో చదివి 1999లో సరిదిద్దిన ప్రామాణిక వరుసతో పోల్చినప్పుడు అక్షరం మారిన స్థానాలు. తేడా లేని చోట్లు నివేదికలో రాయరు. మీ అమ్మగారి జాబితా, ఎముక జాబితా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ల్యాబ్‌లు సాధారణంగా పాటించే పద్ధతి ప్రకారం రెండు లేదా అంతకు మించిన తేడాలుంటే ఆ వంశం కాదంటారు, ఒకే తేడా ఉంటే తేల్చలేమంటారు, తేడా లేకపోతే తోసిపుచ్చలేమంటారు. ఆ మూడో మాటే మీకు వచ్చింది. దాన్ని ల్యాబ్ సరిగ్గానే రాసింది; స్టేషన్‌కు, అక్కడి నుంచి మీ ఇంటికి వచ్చేసరికి అది "మీవాడే" అయింది.

ఆ ఎనిమిది స్థానాల్లో మొదటి నాలుగింటికి పెద్ద విలువ లేదు. 263 దగ్గర మార్పు ప్రపంచంలో దాదాపు అందరికీ ఉంటుంది, 489, 16223 కలిసి కనిపిస్తే అది ఎం శాఖకు గుర్తు. బరువంతా మిగతా నాలుగింటిలో ఉంది: ఆ కలయిక మన తీరంలో ఎంత అరుదు అన్నదే ప్రశ్న. మేనరికాలు, ఊళ్ళోనే సంబంధాలు తరతరాలుగా సాగిన పల్లెల్లో ఒకే ముత్తవ్వ వంశం పది ఇళ్ళకు పాకి ఉండవచ్చు. అరుదైన రకం ఎంత బలంగా మాట్లాడుతుందో గోవాలో చూశాము. 1624లో ఇరాన్‌లోని షిరాజ్‌లో చంపబడిన జార్జియా రాణి కెతెవాన్ అవశేషాలని భావించిన, గోవాలో దొరికిన ఎముకను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరీక్షించినప్పుడు, వాళ్ళ దగ్గరున్న వేలాది భారతీయుల నమూనాల్లో ఎక్కడా లేని, జార్జియాలో మాత్రం కనిపించిన యూ1బీ అనే మైటోకాండ్రియల్ రకం బయటపడింది. ఆ గుర్తింపుకు అది గట్టి ఆధారమైంది. మీ విషయంలో అలాంటి అదృష్టం లేదు. ఉన్నా ఉపయోగం లేదు, ఎందుకంటే మీ సందేహం ఊళ్ళో మూడో ఇంటితో కాదు, పెరటి అవతలి ఇంటితోనే.

ఇలాంటి చిక్కు చరిత్రలో బాగా పేరుమోసినదొకటి ఉంది. 1991లో రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్ దగ్గర తవ్విన గోతిలో తొమ్మిది అస్థిపంజరాలు దొరికాయి, 1918లో చంపబడిన జార్ (రష్యా చక్రవర్తి) నికొలస్ కుటుంబానివని అనుమానం. పీటర్ గిల్, పావెల్ ఇవనోవ్‌ల బృందం రాణి అలెగ్జాండ్రా ఎముకలను ఎడిన్‌బరో డ్యూక్ ప్రిన్స్ ఫిలిప్ రక్తంతో పోల్చి 1994లో ఫలితం ప్రకటించింది. ఆయన ఎవరనుకున్నారు? అలెగ్జాండ్రా అక్క కూతురి కొడుకు. అక్కాచెల్లెళ్ళ దారి డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా చెరిగిపోలేదు. అయితే గోతిలో ముగ్గురు కూతుళ్ళే ఉన్నారు, రాణికి నలుగురు. లేనిది మరియానా, అనస్తేసియానా? మైటోకాండ్రియల్ డీఎన్ఏ దీనికి జవాబు చెప్పలేకపోయింది, నలుగురిదీ తల్లి డీఎన్ఏయే కదా. ఎముకలు, పుర్రెలు చూసిన రష్యా, అమెరికా నిపుణులు చెరో పేరు చెప్పారు. మిగిలిన ఇద్దరు పిల్లల అవశేషాలు 2007లో దొరికి కుటుంబమంతా లెక్కకు వచ్చాక కూడా ఫలానా ఎముకలు ఫలానా అక్కవా, చెల్లివా అన్న వాదం పూర్తిగా చల్లారలేదు. అక్కడ ప్రశ్న ఒకే తల్లి కూతుళ్ళ మధ్య ఉంది. అక్కడ లేని బాధ మీ ఇంట్లో ఉంది: మీరు అడుగుతున్న ప్రశ్న ఇద్దరు తల్లుల మధ్య ఉంది.

మగవాళ్ళ విషయం కాబట్టి వై క్రోమోజోము చూస్తే సరిపోదా అని మీ వృత్తివాళ్ళెవరైనా అంటారు. అది తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది, మామూలుగా అయితే పెద్దమ్మ కొడుకును, పిన్ని కొడుకును చిటికెలో విడదీస్తుంది. మీ నాన్న, బాబాయి అన్నదమ్ములు కావడంతో ఆ తలుపూ మూసుకుపోయింది. తోడికోడళ్ళు అక్కాచెల్లెళ్ళైతే ఇల్లు కలిసి ఉంటుందని మన పెద్దవాళ్ళు చేసే పెళ్ళిళ్ళు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు మాత్రం తలనొప్పే.

తెరిచి ఉన్న తలుపులు లేకపోలేదు. వాటిలో రెండింటికి కొత్తగా ఎముక కోయాల్సిన పని కూడా లేదు.

మొదటిది వయసు. ఒకరికి 34, మరొకరికి 19. తుంటి ఎముకలు దొరికాయని రాశారు, ఇది చిన్న విషయం కాదు. తుంటి ఎముక పై అంచు బాల్యంలో విడి పట్టీగా ఉండి, సుమారు 17 నుంచి 23 ఏళ్ళ మధ్య అతుక్కుంటుంది. 19 ఏళ్ళ కుర్రవాడిలో అతుకు గీత ఇంకా కనిపించే అవకాశం ఎక్కువ, 34 ఏళ్ళ మనిషిలో దాని ఆనవాలే ఉండకూడదు. రెండు తుంటి ఎముకలు ముందువైపు కలిసే ముఖం చిన్న వయసులో గట్లు గట్లుగా ఉండి, ముప్ఫై దాటేకొద్దీ చదునవుతుంది. పోస్టుమార్టంలో రాసిన 18–35 జాగ్రత్త కోసం వేసిన విశాలమైన లెక్క. ఇద్దరినీ కలుపుకునేంత విశాలం కావడం మీ దురదృష్టం. ప్రభుత్వ వైద్య కళాశాల ఫోరెన్సిక్ విభాగంలో అనుభవమున్న ప్రొఫెసర్ చేత, ఎక్స్‌రేలతో సహా మరోసారి చూపించమని అడగవచ్చు. అలలకు, ఇసుకకు ఆ అంచులు అరిగిపోయి ఉంటే ఇది పనిచేయదు. అరగకపోతే, డీఎన్ఏ చెప్పలేనిది చేత్తో తడిమి చెప్పగలిగే స్థితి వస్తుంది. అన్నయ్యకు ఎప్పుడైనా తొడ విరిగిందా, నడుముకు దెబ్బ తగిలిందా అన్నది కూడా రాసి ఇవ్వండి.

రెండోది, పాక్షికంగా వచ్చిందన్న ఆ మామూలు డీఎన్ఏ ఫలితం. ఇరవైకి పైగా స్థానాలు చదివే పరీక్షలో ఆరో ఏడో వచ్చి ఉండవచ్చు. గుర్తింపు ధ్రువపరచడానికి అవి చాలకపోవచ్చు గాని, కాదని చెప్పడానికి కొన్నిసార్లు చాలుతాయి. తల్లీబిడ్డలు ప్రతి స్థానంలోనూ ఒక గుర్తునైనా పంచుకుని తీరాలి. అరుదైన ఉత్పరివర్తన మినహా దీనికి మినహాయింపు లేదు. పెద్దమ్మకు, పిన్నికి ఆ నియమం లేదు, కొన్ని స్థానాల్లో కలుస్తారు, కొన్నింటిలో విడిపోతారు. ఇప్పటిదాకా మీ అమ్మగారిని మాత్రమే చూశారు. పిన్ని, బాబాయి ఇద్దరూ రక్తమిస్తే ఆ ఆరేడు స్థానాలనే తల్లీతండ్రీ ఇద్దరితో కలిపి చూడవచ్చు, అది చాలా పదునైన పోలిక. మీ వైపు నాన్నగారు లేరు కాబట్టి, అన్నయ్య కొడుకు, వదిన నమూనాలు కలిపితే ఆ లోటు తీరుతుంది. అయితే ఏడేళ్ళ పిల్లవాడి నమూనా ఇవ్వడం వదిన నిర్ణయం, మీదీ మీ అమ్మగారిదీ కాదు. ఆమెకు వేరేగా, పూర్తిగా అర్థమయ్యేలా చెప్పి, ఆమె సరేనంటేనే ముందుకు వెళ్ళండి.

ఇవి రెండూ తేల్చకపోతే మిగిలింది తొడ ఎముక మధ్యభాగం నుంచి మళ్ళీ ముక్క తీసి, ముక్కలైన డీఎన్ఏను చదివే చిన్న స్థానాల పరీక్ష చేయించడం. ఇందులో ఎముక కొంత పోతుంది, నెలలు పడుతుంది, చివరికి ఏమీ రాకపోవచ్చు. మీ అమ్మగారు "ఇంకా ఎంత కోస్తారు" అని అడిగితే ఆ ప్రశ్నకు విలువ ఇవ్వాల్సిందే.

ఇక నోరు విప్పాలా వద్దా. మీ ముందున్న దారులు నాకు మూడు కనిపిస్తున్నాయి.

మౌనంగా ఉంటే ఈ నెలలోనే దహనం అవుతుంది. అమ్మ కుదుటపడతారు, పిల్లవాడు తలకొరివి పెడతాడు. కానీ దహనం తర్వాత ఆ ఎముకల నుంచి ఇక ఎవరికీ జవాబు రాదు. రేపు మరో చోట మరికొన్ని ఎముకలు దొరికి వాటికీ ఇదే రకం వస్తే, ఆ రోజు ఇద్దరు తల్లులకూ ఒకేసారి తెలుస్తుంది, మీకు ముందే తెలుసన్నది కూడా తెలుస్తుంది. పిన్ని గడప తొక్కడం మానేసిందని రాశారు. డీఎన్ఏ సంగతి ఆమెకు తెలియకపోయినా తన కొడుకు గురించి ఎవరూ అడగలేదన్నది తెలుసు. ఆమె రక్తం తీసుకోకపోవడం పోలీసుల లోపం, దాన్ని సరిచేయమని అడగడం ఆమె హక్కు. మీ మౌనం ఆ హక్కును ఆమెకు తెలియకుండానే తీసేస్తుంది. ఈ దారి గురించి నాకున్న అభ్యంతరం ఇది ఒక్కటే, కానీ పెద్దది.

చెప్పి, పరీక్షలు అడిగితే, కర్మకాండ వాయిదా పడుతుంది. కొన్ని వారాలు ఇల్లు మళ్ళీ మొదటికి వస్తుంది. ఫలితం మీ అన్నయ్యే అని వస్తే అమ్మ నమ్మకం గట్టిపడుతుంది, పిన్ని చేతికి ఏమీ మిగలదు. పిన్ని కొడుకని వస్తే అదే తిరగబడుతుంది. ఎవరో ఒకరి చేతులు ఖాళీ అవుతాయి, దాన్ని తప్పించే పరీక్ష లేదు. అందుకే ఫలితం వచ్చాక ఏం చేయాలో ఇద్దరు తల్లులూ ఫలితానికి ముందే మాట్లాడుకోవడం మంచిది.

మూడోది, ఇద్దరు అక్కాచెల్లెళ్ళూ తెలిసే, తేల్చుకోకూడదని నిర్ణయించుకోవడం. ల్యాబ్ మాట, గల్లంతైనవారి లెక్క కలిపి చూస్తే ఆ ఎముకలు మీ అమ్మమ్మ మనవడివే అయ్యే అవకాశం ఎక్కువ. రెండిళ్ళూ కలిసి సంతకాలు పెట్టి తీసుకుని, కలిసి కర్మ చేయవచ్చు. ఈ దారిలో దహనం బదులు ఖననం ఎంచుకుని, చోటును కాగితం మీద రాయించి, ల్యాబ్‌లో తీసిన డీఎన్ఏను భద్రపరచమని అడిగితే, పదేళ్ళ తర్వాత మనసు మారినా దారి మూసుకుపోదు. కాకపోతే ఆ ఎముకల పేరిట మరణ ధ్రువపత్రం ఇద్దరికీ ఇవ్వరు.

ఇక్కడే మీ వదిన భయం గురించి చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని మౌనంగా ఉంచుతున్నది సగం అదేనని ఉత్తరం చదివితే అనిపించింది. అన్నయ్య చనిపోయాడా అన్నది ఒక ప్రశ్న, ఈ ఎముకలు ఎవరివి అన్నది మరొకటి. మొదటిదానికి బతికి బయటపడ్డ తోటి మత్స్యకారుడి వాంగ్మూలం, బోటు మునక కేసు, వాతావరణ హెచ్చరికలు ఆధారాలు. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే మరణించినట్టు భావించవచ్చనే నియమం (ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షన్) ఉంది, కానీ ఏడేళ్ళు ఆగి తీరాలని దాని అర్థం కాదు. పరిస్థితులను బట్టి కోర్టు ముందే నిర్ధారించవచ్చు. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో గల్లంతైన వారి కుటుంబాలకు ప్రత్యేక విధానం పెట్టి ధ్రువపత్రాలు ఇచ్చారు. ఆ వరదల్లో దొరికిన గుర్తుతెలియని మృతదేహాల నమూనాలను మన హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీలో పరీక్షించారు కూడా. కాబట్టి వదిన, పిన్ని ఇద్దరూ ఎముకలతో ముడిపెట్టకుండానే మత్స్యశాఖకు, తహసీల్దారుకు దరఖాస్తు చేయవచ్చు. ఒక న్యాయవాది చేత, లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా అది రాయించుకోండి. డబ్బు దారి వేరైందని తెలిశాక వదిన మీ పక్కన నిలబడి మాట్లాడగలదు. మీ అమ్మగారికి చెప్పేటప్పుడు ఆమె తోడుండటం మీకు అవసరం.

ఎవరికి ముందు చెప్పాలని అడిగారు. నేనైతే వదినకు, తర్వాత అమ్మకు, ఆ తర్వాత అమ్మ చేతే పిన్నికి చెప్పించాలని చూస్తాను. పిన్నికి ముందు చెబితే అది నిలదీసినట్టవుతుంది. అమ్మే గడప దాటి వెళ్ళి "నీ వాడైనా కావచ్చు" అంటే అది వేరే మాట. అమ్మ ఒప్పుకోకపోతే బాబాయికి చెప్పండి, రెండు ఇళ్ళకూ ఆయన పెద్ద. అమ్మకు సైన్సు చెప్పకండి, "ఆ పరీక్ష నీ తల్లి మనవడు కావచ్చని చెప్పింది, నీ కొడుకేనని చెప్పలేదు" అన్న ఒక్క వాక్యం చాలు.

ఆ బంధువు గొడవ త్వరగా తేల్చేద్దాం. భారతదేశంలో సగానికి పైగా మనుషులది ఎం హాప్లోగ్రూపే, అన్ని కులాల్లోనూ, తెగల్లోనూ ఉంది, బహుశా ఆ బంధువుకూ ఉంది. అండమాన్‌లోని ఓంగే, గ్రేట్ అండమానీలలో సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2005లో ప్రకటించినవి ఎం31, ఎం32 అనే ప్రత్యేకమైన కొమ్మలు. మీ రిపోర్టులో ఆ కొమ్మల పేర్లు లేవు. ఎం శాఖ మొదలై వేల తరాలు గడిచాయి, అప్పటికి కులమన్న మాటే లేదు. ఆ అక్షరాన్ని బట్టి ఎవరి కులమూ చెప్పలేరు. ఒకవేళ అమ్మమ్మ అండమాన్ నుంచే వచ్చి ఉంటే మాత్రం ఏమిటట?

ఎముకలు ఇంకా మార్చురీలోనే ఉన్నాయన్నారు కాబట్టి, ఏ దారి ఎంచుకున్నా ముందు ఒక అర్జీ అవసరం: గుర్తింపు పూర్తయ్యేదాకా అవశేషాలను ఎవరికీ అప్పగించవద్దని, పిన్ని, బాబాయిల రక్త నమూనాలను కూడా ల్యాబ్‌కు పంపాలని, పాక్షిక ఫలితాన్ని వాటితో పోల్చాలని, వయసు నిర్ధారణ మళ్ళీ చేయించాలని. దర్యాప్తు చేస్తున్న ఎస్సై పేర రాయండి, నకలు డీఎస్పీకి పంపండి. మీ సంతకం కన్నా బాబాయి సంతకం ఉంటే మంచిది, కనిపించకుండా పోయిన రెండోవాడి తండ్రి ఆయనే. స్టేషన్‌లో ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి. నెల దాటినా కదలిక లేకపోతే అదే ప్రతిని జతచేసి మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయవచ్చు.